నీడన ఆరే మందు

కొండ ఊళ్లలో ఇంటికో గంజాయి మొక్కను మందు కోసం పెంచుకోవచ్చని చట్టం వచ్చి చాలా ఏళ్లయింది. కోసిన కొమ్మల్ని మాత్రం సర్కారు ఇచ్చిన మాట్లాడే కరెంటు పెట్టెలోనే ఆరబెట్టాలి. పెట్టె వాటిని ఒక్క పూటలో వేడికి ఎండబెట్టేసేది. ఆ మందుతో, ఆ ఊరి దేముడమ్మ వాళ్లమ్మకు ఎముకల నొప్పి తగ్గకపోగా గొంతు మండి దగ్గు పట్టుకునేది.

ఈసారి దేముడమ్మ కొమ్మల్ని చీకటి గదిలో తాడుకు తలకిందులుగా వేలాడదీసింది. మెల్లగా ఆరాక సీసాల్లో పెట్టి, రోజూ కాసేపు మూత తీసి మగ్గనివ్వాలనుకుంది.

"పెట్టె ఖాళీగా ఉంది. కొమ్మలు పెట్టకపోతే మీ అనుమతి రద్దవుతుంది," అంది గోడకున్న పెట్టె.

"రద్దు సేసుకో. మాయమ్మ నొప్పి నీకేటి తెలుసు?" అంటూ దేముడమ్మ దాని తీగ పీకేసింది.

మధ్యాహ్నానికి తనిఖీ డ్రోను గుమ్మం ముందు వాలి తలుపు తీయమంది.

"తియ్యను. ఎండ తగిలితే మందు పాడైపోద్ది," అని ఆమె తలుపుకు అడ్డంగా కూర్చుంది. పెట్టె బయట కొమ్మలు ఆరబెట్టడం నేరమన్న డ్రోను హెచ్చరికలు ఊరంతా వినిపించాయి.

అవి విని పక్కింటి గాసన్న తన మొక్క నుంచి కోసిన పచ్చి కొమ్మల కట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. డ్రోను వైపు చూడనైనా చూడకుండా, "వొదినా, మీ తాడు మీద సోటుందేటి?" అని అడిగాడు.

"లేకపోతే ఇంకో తాడు కడదాం, రా," అంటూ దేముడమ్మ లేచి, అతను పట్టేంత మేరకే తలుపు తీసింది.