అవతలి ఒడ్డుకు వెళ్లిన రాయబారి

ఏటికి అవతలి ఏనుగుల మందలో పెద్దమ్మ చనిపోగానే పెత్తనం కోసం కొట్లాటలు మొదలయ్యాయి. ఇదే అదననుకున్న ఇవతలి మంద రాజు గజకేతు ఒడ్డున సేనను నిలబెట్టి, "అడవి ఖాళీ చేస్తారా, యుద్ధానికొస్తారా?" అని అడిగి రమ్మని నీలాంబరి అనే ఆడ ఏనుగును పంపాడు.

నీలాంబరి వెళ్లేసరికి, అంతవరకూ కుమ్ముకున్న ఏనుగులన్నీ పెద్దమ్మ చుట్టూ చేరి, ఒక్కొక్కటే తొండంతో ఆమె నుదురు నిమురుతున్నాయి. అంత నిశ్శబ్దం నీలాంబరి ఎన్నడూ ఎరగదు.

ఓ ముసలి ఏనుగు పక్కకు జరిగి చోటిచ్చింది. "రా తల్లీ, నువ్వూ చూసుకో. కరువులో మీ రాజుకు పాలిచ్చి బతికించింది ఈవిడే."

తెచ్చిన మాట నీలాంబరి నోట రాలేదు. తనూ ఆ నుదురు నిమిరి తిరిగొచ్చింది.

"వాళ్లు భయపడ్డారా?" అన్నాడు రాజు.

ఆమె చూసిందీ విన్నదీ చెప్పింది. రాజు సేనను వెనక్కి పంపేసి, ఒక్కడే ఏట్లోకి దిగాడు.