ఎవరికీ తెలియని ఇల్లు

తలుపు గడియ పెట్టి, కుర్చీ కూడా అడ్డం జరిపాకే ఆమె కూర్చుంది. ఒళ్లో మూడేళ్ల పాప నిద్రపోతోంది. పాపకు ఒక కాలికే చెప్పుంది. రెండోది వెతికే వ్యవధి ఇంట్లో దొరకలేదు.

“ఇక్కడికి ఏ మొగుడూ రాలేడు అమ్మాయీ, కుదుటపడు,” అంది వార్డెన్.

భర్తల దెబ్బలు తిని పారిపోయి వచ్చినవాళ్లను దాచిపెట్టడం ఆవిడ ఉద్యోగం. భయాలు చూసీ చూసీ ఆవిడకు భయమంటేనే విసుగు పుట్టింది.

“వస్తాడు మేడమ్. ఆయనకి అన్నీ తెలిసిపోతాయి.”

“అందరిదీ ఇదే పాట. పారిపోయి వచ్చినా మొగుడు దేవుడేనా మీకు!”

వార్డెన్ కంప్యూటర్ ముందుకు జరిగింది. ఊళ్లో అక్కడక్కడా రహస్యపు ఇళ్లున్నాయి. ఎవరిని ఏ ఇంట్లో ఉంచాలో ప్రోగ్రామే తేలుస్తుంది. ఖాళీ మంచాలు, బస్సు దారులు, పోలీసు స్టేషను దూరం, భర్త తిరిగే వీధులు, అన్నీ బేరీజు వేస్తుంది.

“ఇదివరకు మాకు తోచిన ఇల్లు ఇచ్చేవాళ్లం. వారం తిరక్కుండా మొగుడు గుమ్మంలో ఉండేవాడు. ఇంజినీరు సారు పైసా తీసుకోకుండా ఈ ప్రోగ్రామ్ రాసిచ్చాక ఒక్కడూ రాలేదు. వచ్చీ రాగానే మొగుడి పేరు అడిగి కంగారు పెట్టొద్దన్నదీ ఆయనే. బంగారంలాంటి మనిషి.”

ఆమె ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“కంప్యూటర్ చెప్పిన ఇల్లు వద్దు మేడమ్. ఇంకెక్కడైనా ఉంచండి. సామాన్ల గదైనా సరే.”

“నా చేతుల్లో లేదమ్మా. మార్చాలంటే సారు ఒప్పుకోవాలి. అదెంతసేపు, అడిగేద్దాం.” వార్డెన్ ఫోన్ తీసింది.

“వద్దు! కంప్యూటర్ చెప్పిందే చాలు. ఎక్కడికంటే అక్కడికి వెళ్తాం!”

“పిచ్చిపిల్లా, ఆయన ఎవర్నీ కసరడు. నీ భయం ఆయనే పోగొడతాడు చూడు.”

ఆవిడ స్పీకర్ నొక్కింది. అటువైపు రింగవుతోంది. ఆమె పాప చెవులు రెండూ గట్టిగా మూసింది. ఆ పట్టుకే పాపకు మెలకువ వచ్చింది. ఏడుపు మొహంతో తల్లి చేతులు విదిలించుకుంది.

“చెప్పండి మేడమ్,” అంది ఫోన్లో ఒక మెత్తటి గొంతు.

పాప ఏడుపు మానేసి, ఫోన్ వైపు రెండు చేతులూ చాచి, “నాన్నా!” అంది.