తొమ్మిదికి లొంగని సంఖ్య

"ఆ చివరి ఏడు తీసేసి ఆరు పెట్టించండి. అంకెలన్నీ కూడుకుంటూ పోతే చివరికి తొమ్మిది రావాలి!" అన్నాడు పట్టాభిరామయ్య. హీరోగారి సినిమాల పేర్లకూ ముహూర్తాలకూ అంకెలు కట్టే పెద్దమనిషి ఆయన.

తొంభై రెండు ఎండాకాలం. ఫిల్మ్‌నగర్‌లో వేసిన కాలేజీ సెట్టు. నల్లబల్ల మీద 2147483647 అని ఉంది. అది రాయించింది మంజులత, షేక్‌పేట దగ్గర జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. పెద్ద ప్రధాన సంఖ్య ఒకటి కావాలని డైరెక్టర్ త్రినాథరావే కబురుపెట్టి పిలిపించాడు. సీనేమిటో మాత్రం చెప్పలేదు.

"ఆరు పెడితే సరిసంఖ్య అయిపోతుందండీ! రెండో ఎక్కం వచ్చిన పిల్లాడు కూడా నవ్వుతాడు," అంది మంజులత.

"పోనీ, ఇంకో అంకె మార్చండమ్మా."

"ఏది మార్చినా అంతే. కూడితే తొమ్మిది వచ్చిందంటే ఆ సంఖ్యని తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తుంది. ఇంక అది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది?"

పట్టాభిరామయ్య మొహం ఎర్రబడింది. "తొమ్మిది హీరోగారికి కలిసొచ్చిన అంకె. మీ లెక్కల కోసం ఆయన జాతకం మార్చుకోవాలా?"

"జాతకాల కోసం లెక్కలు మారవు కదండీ!"

కుంచె పట్టుకుని నిలబడ్డ సెట్ పెయింటర్ ఓదెలు విసిగిపోయాడు. "జర ఏదో ఒకటి చెప్పుండ్రి సార్. ఏడా, ఆరా?"

"ఆరే రాయి," అన్నాడు త్రినాథరావు. "మేడమ్, హాల్లో కూర్చుని కూడికలు చేసేదెవరండీ?"

"మా పిల్లలు చేస్తారు! టైటిల్స్‌లో నా పేరు వేస్తామన్నారు. మర్నాడు ఏ మొహం పెట్టుకుని క్లాసుకి వెళ్ళను?"

"అయితే పేరు తీసేస్తాం. మీరు బయల్దేరండి."

మంజులతకి ఒళ్ళు మండిపోయింది. కొంగు బిగించి, నేరుగా వెళ్ళి బల్లకి అడ్డంగా నిలబడింది. "పేరు తీసేసుకోండి. కారూ పంపకండి, బోరబండలో మా ఇంటి దాకా నడిచే పోతాను. తప్పు రాస్తే మాత్రం ఊరుకోను. ఆ ఏడు మీద చెయ్యి వెయ్యండి చూద్దాం!"

అప్పుడే మేకప్ గదిలోంచి హీరో బయటికొచ్చాడు. పట్టాభిరామయ్య పరుగున వెళ్ళి సంగతంతా చెప్పాడు. హీరో మంజులత వైపు తిరిగాడు.

"దీన్ని నిజంగా ఏదీ భాగించలేదాండీ?"

"ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ భాగించలేదు సార్."

"ఎంత గొప్పవాడొచ్చినా?"

"బ్రహ్మదేవుడు దిగొచ్చినా సరే!"

హీరో కళ్ళు మెరిశాయి. "ఏడే ఉండనివ్వండి. మేడమ్‌గారి పేరు కూడా పెద్దక్షరాల్లో వెయ్యండి."

త్రినాథరావు స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. ఇంతమందిలో లెక్కల పరువు నిలబెట్టానన్న సంబరంతో మంజులత దర్జాగా కూర్చుంది.

"యాక్షన్!"

"దీన్ని భాగించే మొనగాడు ఇంకా పుట్టలేదురా!" అని వికటంగా నవ్వాడు ప్రిన్సిపాల్ వేషంలో ఉన్న విలన్.

హీరో సుద్దముక్క అందుకుని, ఆ సంఖ్యని చకచకా రెండుతో భాగించి, కెమెరా వైపు తిరిగి తొడకొట్టాడు. "శేషం... సున్నా!"