దిక్కు మరిచిన బిళ్ల

దీపం వేశారు. మీటరు ముల్లు కదల్లేదు.

ప్రయోగశాలలో ఎవరో కిసుక్కున నవ్వారు. మద్దమ్మ తల ఎత్తలేదు. ఆమె కళ్లు బల్ల మీది తెల్లటి బిళ్ల మీదే ఉన్నాయి. మంగంపేట ముగ్గురాయిలో ఉండే బేరియంతో తనే తయారు చేసుకున్న బిళ్ల. పగిలిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి నూరుకుంది. దాని మీద వెలుగు పడితే చాలు, కరెంటు పుడుతుంది. నిన్న సాయంత్రం దాకా పుట్టింది.

వాల్తేరు నుంచి కర్నూలుకు ఇది చూడటానికే వచ్చిన ప్రొఫెసరు గడియారం చూసుకున్నారు. ముల్లు కదిలితే మద్దమ్మకు వాల్తేరులో పై చదువుకు సీటు. కదలకపోతే, అబద్ధం చెప్పిన పిల్ల అనే పేరు మోసుకుని ఇంటికి పోవాలి.

"నిన్న కదిలిందంట," అన్నాడు వెనక బెంచీ బొజ్జన్న. "ఈ పొద్దు ముల్లు సెలవు పెట్టిండాదేమో."

నారాయణ మాస్టారు గిరుక్కున తిరిగారు. "నోరు మూసుకో. ఈ పిల్ల అబద్ధం చెప్పదు. నేను కళ్లారా చూసినా."

ఆయన మాట ఆమెకు కొండంత అండ. ఈ పిల్లను ప్రయోగశాలలోకి రానివ్వకూడదని కొందరు అడ్డుపడితే, పోట్లాడి తెచ్చింది ఆయనే. పట్టుబట్టి ప్రొఫెసరును రప్పించిందీ ఆయనే. ఒక్క పట్టింపు మాత్రం ఉంది. ఏ వస్తువునూ చేతి నుంచి చేతికి తీసుకోరు. "బల్ల మీద పెట్టమ్మా, నేను తీసుకుంటా. జారి పగిలితే తప్పెవరిదని తగువు వద్దు" అంటారు. ప్రయోగశాల పద్ధతి అదేననుకుంది మద్దమ్మ.

ఇప్పుడు ఆయనే మెల్లగా అన్నారు. "పోనీలేమ్మా. ఇంకోసారి చూపిద్దాం. అయ్యగారికి రైలు టైమవుతాంది."

"లేదు సార్. నేను ఈడనుంచి కదల్ను."

ఎప్పుడూ గొంతు పెగలని పిల్ల. గదిలో నవ్వు ఆగిపోయింది.

"బిళ్లలో తప్పు లేదు. దీన్ని ఎవరో కాల్చినారు."

"కాల్చడమేమిటి?" ప్రొఫెసరు ముందుకు వంగారు.

"దీని లోపలి కణాలకు ఒక దిక్కు ఉంటాది సార్. శానా ఓల్టేజి పెట్టి అన్నిటినీ ఒకే దిక్కుకు నిలబెడితే అట్లే నిలబడతాయి. వెలుగు ఏ పక్క నుంచి పడినా కరెంటు ఆ దిక్కుకే పారతాది. నీళ్లు మసిలే వేడి దాటి ఇంకొంచెం పైకి పోతే మాత్రం దిక్కు మరిచిపోతాయి. చల్లారినా మళ్లా గుర్తుకు రాదు. మన ఎండకు కూడా అంత వేడి రాదు. నిప్పుల్లో పడాల్సిందే."

"నిప్పుల్లో ఎవరేస్తారు? అదేమన్నా చెనక్కాయా?" అన్నాడు బొజ్జన్న.

"ఎవరేసినారో నేను తర్వాత అడుగుతా. ముందు నువ్వు ఇది చూడప్పా."

ఆమె గిన్నెలో ఆముదం కాచింది. బిళ్లను అందులో ముంచి, రెండు వైపులా తీగలు పెట్టి, ఓల్టేజి పెట్టె మీట నొక్కింది. ఆముదం చల్లారేదాకా మీట వదల్లేదు. ప్రొఫెసరు ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

బిళ్లను తుడిచి మీటరుకు కలిపి, దీపం వేసింది.

ముల్లు కుడికి జరిగింది.

ప్రొఫెసరు తనే దీపం అందుకుని అవతలి పక్కకు తిప్పారు. ముల్లు కుడికే. అరచెయ్యి అడ్డం పెడితే సున్నాకు వచ్చింది. తీస్తే మళ్లీ కుడికే.

"మొండిరాయి," అన్నారాయన నవ్వుతూ. "నీలాగే ఉందమ్మా. కాలేజీ తెరవగానే వాల్తేరు వచ్చెయ్యి."

అందరూ వెళ్లిపోయారు. మద్దమ్మ, మాస్టారు మిగిలారు.

బిళ్ల రాత్రి ఎక్కడుందో ఆమెకు తెలుసు. అందుకే అందరి ముందూ అడగలేదు. పని జయం కావాలని మాస్టారే దాన్ని ఇంటికి తీసుకుపోయి దేవునింట్లో పెట్టారు. తెల్లారి తెచ్చి బల్ల మీద ఉంచారు.

"రాత్రి దేవునింట్లో దీపం సెగ ఏమన్నా తగిలిందా సార్ దీనికి?"

మాస్టారు ఆప్యాయంగా నవ్వారు.

"నీ చెయ్యి తగిలినదాన్ని నిప్పుల్లో వేసి శుద్ధి చేయకుండా దేవుని ముందర ఎట్లా పెట్టేదమ్మా?"