నాన్న కారు కింద

తెల్లారితే తుక్కువాళ్ళు నాన్న పాత కారును పట్టుకుపోతారు. ఆలోగా దాన్ని స్టార్ట్ చేసి తీరాలని ఆమె కారు కిందికి దూరింది. స్టార్టర్‌కు వచ్చే వైరు తుప్పుపట్టి ఊడిపోయిందని కనిపెట్టగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వైరు గీకి, గట్టిగా బిగించింది. పైన సీట్లో అలికిడైతే బావే అనుకుని, "తాళం తిప్పు బావా!" అని కేకేసింది.

ఇంజను ఒక్క ఊపున గర్జించింది.

"గెలిచాం బావా! ఇక ఆపెయ్!" ఆమె గొంతులో సంబరం.

ఇంజను ఆగింది.

షెడ్డు తలుపు తోసుకుని, టీ గ్లాసులతో బావ లోపలికి వచ్చాడు. "అప్పుడే స్టార్టయిందా మరదలు పిల్లా! అదెలా? తాళం నా జేబులోనే ఉందిగా!"

ఆమె నోరు విప్పేలోగా ఇంజను మళ్ళీ గర్జించింది. గేరు పడిన చప్పుడైంది. చెవి పక్కనున్న చక్రం మెల్లగా కదిలింది.