ఆదివారం తొమ్మిది నలభై

క్లాసులో అందరికంటే పెద్దది సుశీల. యాభై ఆరేళ్లు. మిగతా పదకొండు మందీ కాలేజీ వదిలి ఏడాది కానివాళ్లు.

దేవేంద్ర నగర్‌లో జిరాక్సు షాపు పై అంతస్తులో ఆ క్లాసు. రోజూ బడి వదిలాక ఆమె ఆ మెట్లెక్కి, గుమ్మం దగ్గర కాస్త ఆయాసం తీర్చుకుని, ముందు బల్ల దగ్గర కూర్చునేది. నోటుబుక్కులో మొదటి పేజీ వదిలి రెండో పేజీ నుంచి పాఠం రాసుకునేది. బడిలో పిల్లలకు తను చెప్పే పద్ధతే.

"ఆంటీజీ, మీరు కూడా నౌకరీకి వచ్చేస్తే మా గతేంటి?" అంది పక్కనున్న లహరి.

"రానులే. నువ్వు ముందు నిన్నటి నోట్సు పూర్తి చెయ్యి."

వెనక బల్లవాళ్లు నవ్వారు.

చేరిన రోజున మహేంద్ర కూడా అడిగాడు, కంపెనీల సర్వర్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండే ఈ క్లౌడ్ మానిటరింగ్ మీకెందుకు మేడమ్ అని. క్లాసు నడిపేది అతనే. ఈ హిందీ ఊళ్లోనే, గుఢియారీ పేటలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. ఇంకా ముప్పై రాలేదు.

"మా అబ్బాయి ఆరోన్ ఈ పనే చేసేవాడు. వాడి మీద ఒక నింద పడింది. అది పోవాలి."

మహేంద్ర రాస్తున్న రసీదు పక్కన పెట్టేశాడు. "మీ దగ్గర ఫీజు వద్దు మేడమ్."

ఆరోన్ పనిచేసిన కంపెనీలో ఒక ఆదివారం ఉదయం సర్వర్లు ఆగిపోయాయి. అంతకుముందే అలారం మోగింది. తొమ్మిది నలభైకి ఎవరో 'చూశాను' అని నొక్కి మోత ఆపేశారు. నిజానికి చూడలేదు. లాగ్‌లో ఉన్నది ఆరోన్ పేరు. నిర్లక్ష్యం అని రాసి ఉద్యోగం తీసేశారు. ఆ ఉత్తరం అందిన పదకొండో రోజున తెలీబంధా మలుపులో లారీ అతన్ని గుద్దేసింది.

ఉత్తరం సుశీల బీరువాలో ఉంది. దాని పక్కన మరణ ధ్రువపత్రం. కొడుకు పేరుతో ఇంటికి వచ్చిన కాగితాల్లో ఆఖరివి ఆ రెండే.

మహేంద్ర పాఠం బాగా చెప్పేవాడు. "రోజుకు వంద అలారాలు మోగితే మనిషి వినడం మానేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది," అనేవాడు. "లాగ్ అంటే ఏ నిమిషానికి ఎవరు ఏం చేశారో యంత్రం రాసుకునే పుస్తకం."

"మా హాజరు పట్టీ లాగా," అంది సుశీల. "మరి ఒకడి బదులు ఇంకొకడు పలికితే?"

అతను బోర్డు వైపు తిరిగాడు. "లాగ్‌కు గొంతులు తెలీవు మేడమ్. పేరే తెలుసు."

ఆమె ఆ మాట రాసుకుంది.

మూడో నెల ఆఖరున, అందరూ వెళ్లిపోయాక, ఆ రోజు లాగ్ కావాలని తను అడిగితే కంపెనీ ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసింది. ఎవరి సాయమూ లేకుండా లాగ్‌లో ఆ వరుస వెతికి పట్టుకుంది. వేలు కింద పెట్టి చదివింది.

"తొమ్మిది నలభై. అలారం ఆపివేత. ఆరోన్."

బోర్డు తుడుస్తున్న మహేంద్ర ఇటు తిరిగాడు.

"చర్చిలో తెలుగు ఆరాధన తొమ్మిదికి మొదలవుతుంది. ఆ టైముకి వాడు నా పక్కన నిలబడి పాడుతున్నాడు."

కింద జిరాక్సు మిషన్ చప్పుడు ఆగింది. మహేంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కడ నేనూ వాడితోనే పనిచేశాను మేడమ్. ప్రతి ఆదివారం డ్యూటీ మధ్యలో చర్చికి గంటన్నర వెళ్లొచ్చేవాడు. ఆ గంటన్నరా వాడి కుర్చీలో, వాడి లాగిన్‌తో నేను కూర్చునేవాణ్ణి. మా నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్లే రోజున నా కుర్చీలో వాడు. రోజూ మోగే అలారమే అనుకుని నొక్కేశాను. అంత జరిగినా వాడు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత అక్కడ ఉండలేక మానేశాను."

సుశీల కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"కంపెనీకి రాసిస్తాను మేడమ్. ఇప్పుడే."

రాశాడు. తేదీ వేశాడు. సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి, ఒక చోట రాయడం మరిచిన ఆదివారం తేదీని చూపించి రాయించి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"నా మీద అనుమానం ఎప్పుడొచ్చింది మేడమ్? ఆ హాజరు పట్టీ రోజునా?"

సుశీల నోటుబుక్కు మొదటి పేజీకి తిప్పి అతని ముందు పెట్టింది, ఖాళీగా ఉందని అతను అనుకున్న ఆ పేజీలో, క్లాసులో చేరిన రోజు తేదీ కింద, ఆమె గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "ఆ రోజు తన కుర్చీలో కూర్చున్నది మహేంద్ర అని ఆరోన్ నాకు చెప్పాడు, అతనంతట అతను చెప్పేదాకా నేను అడగకూడదు."