పసుపు రేకు

ఉదయం 11.20కి సూరత్‌లోని ఉధనాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానా షట్టరును ఒక మనిషి లోపలి నుంచి దించి తాళం వేశాడు.

లోపల పదకొండు మంది పనివాళ్లున్నారు. అందరూ సిరిసిల్ల వైపు వాళ్లు. కిటికీలు లేవు. వెనక తలుపుకు అడ్డంగా దారం పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఆ మనిషి ఎవరో వాళ్లకు తెలియదు. అరగంట ముందు వచ్చి, పడుగు పోసే పాత వార్పింగ్ మిషన్ ఎక్కడుందని అడిగాడు. సేఠ్ దాన్ని తుక్కుకు అమ్మాడని, పొద్దున్నే విప్పామని పనివాళ్లలో రఘుపతి చెప్పాడు.

పాలిస్టర్ పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా ఆ మిషన్‌కు ఒక ఇనుప పట్టీ ఉండేది. రఘుపతి దాన్ని సుత్తితో పగలగొట్టాడు. లోపల పసుపు రేకు కనిపించింది. బంగారమనుకుని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఐదు నెలల కూతురుంది. చెవులు కుట్టించాలి.

ఆ మనిషి పగిలిన పట్టీని చూశాడు. తాళం వేసింది అప్పుడే. రేకు ఎవరి దగ్గరుందని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. అధికారులకు ఫోన్ చేశానని, వాళ్లు వచ్చి చూసేదాకా ఎవరూ చెయ్యి నోట్లో పెట్టొద్దని అన్నాడు.

రఘుపతి సాంచా మీద పోగు తెగింది. సాంచాల వాళ్లు తెగిన కొసను పెదవులతో తడిపి ముడివేస్తారు. రఘుపతి కొసను నోటి దగ్గరికి తెచ్చాడు.

ఆ మనిషి అతని చేతి మీద కొట్టాడు.

సాంచాలన్నీ ఆపేశారు.

“ఏంది పెద్దమనిషీ, బంగారం గుంజుకపోనీకి వచ్చినవా?” అన్నాడు పక్క సాంచా మీది పరమేశ్.

“బంగారం గాదు బిడ్డా. దాంట్ల రేడియేషన్ ఉన్నది. తోలు దాటి రాదు. కడుపుల పడితే ఎముకల కూసుంటది, ఏండ్లకేండ్లు పోదు.”

“కూసుంటే ఏం జేస్తది?”

“ఒంట్ల రెండు రెండు పేనిన పోగులుంటయి, కంటికి కనబడయి. ఒకటి తెగితే ఒళ్లే ముడేసుకుంటది. గిది ఎక్స్‌రే లెక్క గాదు, బరువుగ తగుల్తది. రెండిటినీ ఒక్కతాననే తెంపుతది. ఇగ ముడి పడది. ఆడి కండ ఆడికాడికి సస్తది, లేకుంటే ఖరాబై పెరుగుతది.”

“నువ్వేమన్న డాక్టర్‌వా?”

ఆయన వెళ్లి షట్టరుకు ఆనుకుని నిలబడ్డాడు.

మే నెల. ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. ఒంటిగంటకు రఘుపతి ఆయన ముందుకు వెళ్లాడు.

“కాకా, తాళంచెవి ఇయ్యి. బిడ్డ చెవులకని దాసుకున్న. నీకేంది?”

ఆయన రఘుపతి జేబులో చెయ్యి పెట్టి రేకు లాగాడు. నలుగురు కలిసి తన్నారు. కింద పడ్డాడు. పిడికిలి విప్పలేదు. జేబులు వెతికినా తాళంచెవి దొరకలేదు.

రెండుంబావుకు రేడియేషన్ తనిఖీ అధికారులు వచ్చి షట్టరు కోయించారు. పదకొండు మందికీ బట్టలు మార్పించారు. రేకునూ రఘుపతి అంగీనీ డబ్బాలో పెట్టి సీలు వేశారు. పనివాళ్ల ఫిర్యాదు మీద పోలీసులు దొంగతనం కేసు రాసుకుని, ఆ మనిషిని ఆసుపత్రిలో చేర్చారు.

రెండు పక్కటెముకలు విరిగాయి. వాటిలో క్యాన్సర్ ఎప్పటి నుంచో ఉందని డాక్టరు చెప్పాడు. పేరు సోమలింగం. వయసు అరవై ఒకటి. తొమ్మిదో రోజు చనిపోయాడు.

మరుసటి రోజు రేడియేషన్ పరీక్షల ఫలితాలు వచ్చాయి. పదకొండు మందిలో ఎవరి ఒంట్లోనూ ఏమీ లేదు.

శవాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదని తెలిసి రఘుపతి, పరమేశ్ వెళ్లారు. ఆసుపత్రి వాళ్లు ఆయన సంచి ఇచ్చారు. అందులో ఇరవై రెండేళ్ల కిందటి కాగితం ఒకటి ఉంది. పద్నాలుగు కార్ఖానాల పేర్లున్నాయి. పదమూడు కొట్టేసి ఉన్నాయి. మిగిలింది వీళ్ల కార్ఖానా.

కాగితం అడుగున, పట్టీలు బిగించిన ఫిట్టర్ అన్నచోట, సోమలింగం సంతకం ఉంది.